ముప్పై ఒకటితో భాగిస్తే

మోంతెవిదేయో
1971 మార్చి 14

సుల్మా వదినగారికి,

మీరు కులాసా అనుకుంటాను. నెలిదా పోయి ఆరు వారాలైంది. ఖననం రోజున మీతో సరిగా మాట్లాడలేకపోయాను. చివరి రెండు నెలలు మీ చెల్లెలిని మీ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

వేసవి సెలవులు అయిపోయి ఇక్కడ హైస్కూళ్లు తెరిచారు. మళ్లీ అవే క్లాసులు, అదే బీజగణితం.

ఒక పని ఉంది. నవంబరులో పైసందూ బయలుదేరేటప్పుడు ఆమె ప్రధాన సంఖ్యల పట్టికను వెంట తీసుకెళ్లింది. గోధుమరంగు అట్ట, వెన్ను మీద బట్ట అతికించి ఉంటుంది. దాన్ని పంపగలరా? గణిత ఉపాధ్యాయుల సంఘం పత్రిక సెప్టెంబరు సంచికలో మా గొలుసును ఆమె పేరుతో అచ్చు వేస్తామన్నారు. జూన్ చివరికి రాతప్రతి ఇవ్వాలి. అప్పటికి చివరి వరుసలు మరోసారి చూసుకోవాలి. ఆమె పేరు అచ్చులో రావడం ఇదే మొదటిసారి. ఒక్క అంకె కూడా తప్పు పోకూడదు.

కళ్లజోడు, బూడిదరంగు స్వెటరు మీరే ఉంచుకోండి.

మీ మరిది
ఫెర్మీన్

*

పైసందూ
మార్చి 22

ఫెర్మీన్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కడైనా ఒక ప్రశ్న ఉంటుందేమోనని చూశాను. చివర్లో ఏమంది, నొప్పి ఎక్కువగా ఉండేదా, ఎవరి పేరైనా పిలిచిందా, ఇలాంటిది ఏదైనా. ఒక ప్రశ్న ఉంది, కాదనను. పుస్తకం పంపగలరా అని. కళ్లజోడు మాత్రం నన్ను ఉంచుకోమన్నావు. ఇరవై రెండేళ్లు ఆ అద్దాల వెనక ఉన్న కళ్లతో కాపురం చేసిన మనిషివి.

మాతే తాగడానికి పక్కింటి ఎల్బా వచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఏమ్మా, మీ మరిదికి ఏడుపు కూడా దశాంశాల్లో వస్తుందా?" అంది. నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

నెలిదా పోయిన వారం మా వీధి వీధంతా లాటరీలో 47 మీద కాసింది. నీకు ఇవన్నీ గిట్టవని తెలుసు, అయినా రాస్తున్నాను. మా లాటరీలో ప్రతి అంకెకూ ఒక బొమ్మ ఉంటుంది, 47 శవం కదా. కానీ వచ్చింది 48, మాట్లాడే శవం. "చూశావా, మీ చెల్లెలికి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది" అంది ఎల్బా. బతికినన్నాళ్లూ నోరు విప్పని పిల్ల ఇప్పుడేం చెబుతుందిలే అన్నాను.

జనవరి అంతా నీకు వేసవి సెలవులే. అయినా నువ్వు రాలేదు. వచ్చింది ఒక్కసారి, ఫిబ్రవరి ఒకటిన, బస్సు దిగి తిన్నగా శవపేటిక దగ్గరికి. నీ కోటు చేతి అంచున సుద్దపొడి ఉంది. సెలవుల్లో సుద్దపొడి ఎక్కడినుంచి వచ్చిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

పట్టిక నా దగ్గరే ఉంది. పంపను. ముందు నాకు ఒక సంగతి చెప్పు. మనిషికంటే ముఖ్యమైపోయిన ఆ గొలుసు ఏమిటి?

సుల్మా

*

మోంతెవిదేయో
మార్చి 31

వదినగారికి,

అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఒక సంఖ్య తీసుకోవాలి. దాన్ని ప్రధాన కారణాంకాలుగా, అంటే ఇక విడగొట్టడానికి వీల్లేని ముక్కలుగా, విడగొట్టాలి. ఆ ముక్కల్ని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పక్కపక్కన రాయాలి. అలా ఒక కొత్త సంఖ్య వస్తుంది. దాన్ని మళ్లీ విడగొట్టాలి. విడగొట్టలేని సంఖ్య ఎదురైతే గొలుసు ముగిసినట్టు.

ఉదాహరణకు 10. అది 2, 5. పక్కపక్కన రాస్తే 25. అది 5, 5. అంటే 55. అది 5, 11. అంటే 511. అది 7, 73. అంటే 773. దాన్ని ఏదీ భాగించదు. అయిపోయింది.

మేము తీసుకున్నది 49. మా పెళ్లి సంవత్సరం. 1959 ఏప్రిల్‌లో వరదలొచ్చి ఊరంతా కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి పెట్టుకుని మొదలుపెట్టాం. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాం. 49, 77, 711, 3379, 31109, 132393, 344131. ఇందులో చివరిది 17 × 20243. అక్కడినుంచి 1720243, తర్వాత 7735107. ప్రతి వరుసా ముందుదానికంటే పెద్దదవుతూ వచ్చింది. పన్నెండేళ్లలో పన్నెండో వరుస దగ్గరున్నాం. ఇంకా ముగియలేదు.

మాకో పద్ధతి ఉండేది. ఆమె భాగించేది. నేను ఆ ముక్కల్ని తిరిగి గుణించి, మొదటి సంఖ్య వస్తే వరుస పక్కన ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాణ్ణి. నా గుర్తు లేకుండా తర్వాతి వరుస రాసేవాళ్లం కాదు. రోజూ భోజనానికి ముందు ఒక గంట. పన్నెండేళ్లలో ఒక్క తప్పు పోలేదు.

జనవరి గురించి. ఆమె నన్ను రావద్దని రాసింది. ఎండలు మండిపోతున్నాయని, నేను ఇక్కడే ఉండి పన్నెండో వరుస చూడమని, ఫిబ్రవరిలో తనే వస్తానని. ఆ ఉత్తరం నా దగ్గరుంది. వంటింటి గోడకు నల్లబల్ల ఒకటి బిగించాం. సుద్దపొడి దానిది.

పట్టిక పంపండి.

ఫెర్మీన్

*

పైసందూ
ఏప్రిల్ 13

ఫెర్మీన్‌కి,

సెలవుల వారమంతా బీరు పండుగ, ఊరు తాగి తూలింది. సత్రాలు చాలక మా వీధి అరుగుల మీద కూడా జనమే. ఇప్పుడే కాస్త సద్దు మణిగింది.

రావద్దని రాస్తే రాకుండా ఉంటావా? నువ్వు నిజంగానే అంత అమాయకుడివా? రావద్దని రాసిన రోజు నేను పక్కనే ఉన్నాను. లేవలేకపోతే కాగితం కింద పలక పెట్టింది నేనే. అంటించే ముందు ఆ కవరును ఎంతసేపు చూసిందో నీకు తెలియదు. వద్దన్నా వచ్చే మొగుళ్లు ఈ దేశంలో కోకొల్లలు. వద్దనగానే ఆగిపోయింది నువ్వొక్కడివే.

నీ పదో నంబరు ఆటను మా లాటరీ పుస్తకంలో చూశాను. 10 పాలు. 25 కోడిపెట్ట. 55 సంగీతం. చివర్లో 7 తుపాకీ, 73 ఆసుపత్రి. పాలతో మొదలై ఆసుపత్రిలో తేలింది. మీ పెళ్లి సంవత్సరం 49 ఏమిటో తెలుసా? మాంసం. ఎల్బాకి చెబితే, "మరి నయం, పురుగులు 66 రాలేదు" అంది.

సరే, అసలు సంగతికి వస్తాను. నువ్వు రాసిన వరుస తప్పు. లేదా నెలిదా రాసింది తప్పు. ఎవరో ఒకరు అబద్ధమాడారు. నా దగ్గర ఆమె నోటుపుస్తకం ఒకటి ఉంది, నీలి అట్టది. అందులో 344131 వరకు నువ్వు రాసినట్టే ఉంది. ఆ తర్వాత నీ 1720243 లేదు. 1731653 ఉంది. అక్కడినుంచి ఒక్క అంకె కూడా నీ వాటితో కలవదు. ప్రతి వరుస పక్కనా గుర్తులున్నాయి. ఎర్రవి కావు. నీలివి. రెండేసి.

ఎనిమిదేళ్లుగా ప్రతి వేసవికీ ఆ పుస్తకం మా ఇంట్లో తెరుచుకుంది. వాతావరణ ఆఫీసులో పనిచేసే ఆ బెర్ముదెస్, అక్కడ పారేయబోయిన చేతితో తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఇచ్చాడట, అదీ ఇక్కడే ఉంది. చివరి వారం పుస్తకాన్ని దిండు గలీబులో పెట్టుకుని పడుకునేది. "ఫెర్మీన్‌కి చూపించకు. నేను పోయాక కాల్చెయ్యి" అంది.

ఎందుకంటావు? నాకైతే ఒకటే తోస్తోంది. అప్పట్లో ఒకసారి మీ పత్రికలో మొదటి వరుసలు అచ్చయ్యాయి. కింద పేరు ఎవరిది? నీది, ప్రొఫెసర్ ఎచెవెర్రీ అని. ఈ పుస్తకమైనా తన పేరు మీద మిగలాలనుకుందేమో మా పిల్ల.

సుల్మా

*

మోంతెవిదేయో
ఏప్రిల్ 20

వదినగారికి,

గొలుసు ఒక్కటే. పుస్తకం ఒక్కటే. అది నా బల్ల మీద ఉంది. మీ దగ్గరున్నది చిత్తు అయి ఉంటుంది. దాన్ని నేను సరిచూడలేదు, సరిచూడాల్సిన అవసరమూ లేదు. నా పుస్తకంలో ప్రతి వరుసకూ గుర్తుంది.

ఆ రోజు మొదటి వరుసల కింద నా పేరు వెయ్యమన్నది ఆమే. మీరు నమ్మరు. నమ్మమని అడగను.

నేను అడిగేది ఒక్కటే. ఆ నీలి గుర్తులు ఎవరివి? ఆమె ఒక్కతే చేసుకుంటే గుర్తు అక్కర్లేదు. రెండో మనిషి ఉంటేనే గుర్తు. నాకు తెలియకుండా ఎనిమిదేళ్లు, ఒక యంత్రంతో, ఒక మనిషితో. బెర్ముదెస్ స్వస్థలం మీ ఊరని ఆమే ఒకసారి చెప్పింది. వేసవిలో తల్లిని చూడటానికి వస్తుంటాడు. సమాధి దగ్గర పూలు పెట్టినవాళ్లలో నేను ఎరగని ముఖం ఒక్కటే ఉంది, అది అతనిదే అయి ఉండాలి.

జవాబు ఒక్క పదం చాలు. అవును, కాదు.

ఎచెవెర్రీ

*

మోంతెవిదేయో
జూన్ 23

సుల్మా వదినకి,

తొమ్మిది వారాలుగా మీ నుంచి జవాబు లేదు. నేనడిగినదానికి జవాబు ఉండదని ఇప్పుడు అర్థమైంది.

ఈ మధ్యాహ్నం పత్రికకు ఇవ్వాల్సిన శుద్ధప్రతి రాస్తున్నాను. ఏడో వరుస దగ్గరికి వచ్చాను. 344131 = 17 × 20243. పక్కన నా ఎర్ర గుర్తు. మీరు రాసిన 1731653 అప్పటికి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు, ప్రతిసారీ పక్కకు నెట్టాను. ఈరోజు ఎందుకో నెట్టలేకపోయాను. ఆ అంకెల్ని విడదీసి చూశాను. 17, 31, 653.

20243ని 31తో భాగించాను. 653 వచ్చింది. శేషం లేదు.

ఇది అర నిమిషం పని. రెండో ఏడు పిల్లలకు ఇచ్చే లెక్క.

ఎలా జరిగిందో చెబుతాను, మీకు అర్థమయ్యేలా. ఆమె 17తో భాగించింది, 20243 మిగిలింది. దాన్ని మళ్లీ చిన్న సంఖ్యలతో వరుసగా భాగించింది, 31 దగ్గర ఎక్కడో చెయ్యి జారింది. అది ఇక విరగదనుకుంది. పుస్తకం నా వైపు తిప్పింది. నేను పదిహేడుని ఇరవై వేల రెండు వందల నలభై మూడుతో గుణించాను. సరిపోయింది. గుర్తు పెట్టాను. గుణిస్తే సరిపోతుంది వదినా. ఎప్పుడైనా సరిపోతుంది. ముక్క ఇంకా విరుగుతుందా లేదా అన్నది గుణకారం చెప్పదు. అది చూడటమే నా పని. పన్నెండేళ్లు నేను చూడాల్సింది చూడలేదు. గుర్తు మాత్రం పెట్టాను.

తర్వాతి అయిదు వరుసలూ చెత్త. పన్నెండేళ్ల సాయంత్రాలు.

సంపాదకుడికి ఫోన్ చేశాను. తప్పు గొలుసును ఆమె పేరుతో అచ్చు వెయ్యనివ్వను. జూలై పదిలోపు సరైనది తెస్తే చోటు ఉంచుతానన్నాడు. సరైనది మీ దగ్గరుంది. ఆ నీలి పుస్తకాన్ని పంపండి. నా పేరు ఎక్కడా ఉండదు. బెర్ముదెస్ పేరు పెట్టాల్సి వస్తే అదీ పెడతాను. ఏప్రిల్‌లో రాసినదానికి క్షమించమని అడగను. క్షమించకుండానే పంపండి.

ఎప్పటినుంచి తెలుసు ఆమెకి?

ఫెర్మీన్

*

పైసందూ
జూన్ 25

ఎచెవెర్రీగారికి,

మీరు ఇంటిపేరుతో సంతకం చేశారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తున్నాను.

మొన్న సాయంత్రం సాన్ హువాన్ పండుగ మంట వేశాం, ఎప్పటిలా నది దగ్గరి ఖాళీ జాగాలో. విరిగిన కుర్చీలు, పాత పరుపులు, ఎవరికి ఏది వదిలించుకోవాలని ఉంటే అది తెచ్చి వేశారు. ఎల్బా మొగుడి పాత టోపీ తెచ్చింది. "ఆయన్నే తేవాలనుకున్నా, బరువెక్కువ" అంది. అందరూ నవ్వారు. నేను నీలి పుస్తకం తీసుకెళ్లాను.

ఐదు నెలలు మాట తప్పాను. కాల్చమంటే కాల్చలేదు. ఎందుకంటే అది ఆమె చేతిరాత. ఎందుకంటే ఎప్పటికైనా మీరే బస్సెక్కి వచ్చి, సుల్మా, ఒక్కసారి చూడనివ్వు అంటారేమోనని ఒక పిచ్చి ఆశ. మీ ఏప్రిల్ ఉత్తరం వచ్చింది. దాన్ని పుస్తకంలో పెట్టి తొమ్మిది వారాలు అలాగే ఉంచాను. మొన్న రెండూ కలిపి వేశాను. మీ ఉత్తరం ముందు అంటుకుంది.

మీరడిగినదానికి ఒక్క పదం: కాదు.

సుల్మా

*

పైసందూ
జూలై 2

ఫెర్మీన్,

నీ ఇరవై మూడో తేదీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. తేదీ చూశాను. నువ్వు అక్కడ కూర్చుని ముప్పై ఒకటితో భాగించిన రోజే నేను ఇక్కడ మంట దగ్గర నిలబడ్డాను. ఐదు రోజులు మంచం దిగలేదు. ఎల్బా సూప్ తెచ్చి, "ఏమైందే నీకు?" అంటే గోడవైపు తిరిగి పడుకున్నాను.

నువ్వడిగావు, ఎప్పటినుంచి అని. చెబుతాను.

1963 జనవరి. ఆ పట్టికను అంతకుముందు ఆదివారమే మీ త్రిస్తాన్ నార్వాహ వీధి సంతలో పాత పుస్తకాల గుట్టలో కొనుక్కుంది. నా వంటింట్లో కూర్చుంది. నేను పిండి పిసుకుతున్నాను. పెళ్లి ఫొటోలో తెలిసిన ముఖాలు వెతికినట్టు మీ గొలుసులో ముక్కల్ని ఒక్కోటి అందులో వెతుకుతోంది. "ఇదిగో 79. ఇదిగో 2393, ఉందిలే తల్లీ." ఉన్నట్టుండి వేలు పెట్టి చూపించింది. 20233 ఉంది. దాని తర్వాత 20249. మధ్యలో ఏమీ లేదు.

పిండి సంచి కాగితం మీద భాగించింది. "ముప్పై ఒకటితో పోతోంది, సుల్మా" అంది.

"ఏం పోతోంది?"

"మొత్తం."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "భాగించింది నేనే, తప్పు నాదే. ఆయన గుణకారం సరిగ్గానే చేశాడు" అంది.

"అయితే వెళ్లి చెప్పు. ఇద్దరూ కలిసి దిద్దుకోండి."

"పోయిన నెలే యూనివర్సిటీ వాళ్లు ఆయన్ని వద్దన్నారు. మొదటి వరుసలు ఆయన పేరుతో అచ్చు వేయించింది ఆ ఉద్యోగం కోసమే. అందులో ఇదీ ఉంది. ఇప్పుడు చెబితే ఎర్ర పెన్సిల్ పక్కన పెట్టేస్తాడు."

"పెడితే పెట్టనీ! పెన్సిలే కదా?"

అప్పుడేమందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. "ఆ పెన్సిల్ పెట్టేస్తే ఆయన నా పక్కన కూర్చోవడానికి వేరే కారణం లేదే" అంది.

అదీ సంగతి. నీకు కోపం వస్తే రానీ. చలికాలమంతా నీతో తప్పు గొలుసు, వేసవిలో నాతో సరైనది. బస్సులో యంత్రాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నీలి గుర్తులు ఎవరివంటావా? నావి. మూడో తరగతితో బడి మానేసి చొక్కాలు కుట్టుకునే సుల్మావి. హేండిలు తిప్పింది నేను. పట్టికలో వెతికింది నేను. ఒక గుర్తు గుణకారానికి, ఒక గుర్తు ముక్క ఇంకా విరగదని చూసినదానికి. రెండూ ఉంటే గానీ మీ ఆవిడ తర్వాతి వరుస రాయనిచ్చేది కాదు. "ఒక్క గుర్తు సరిపోదే, నాకు తెలుసు" అనేది.

మొదటి ఉత్తరంలో గొలుసు ఏమిటని అడిగింది, ఏప్రిల్‌లో ఎవరో అబద్ధమాడారని రాసింది నాకు తెలియక కాదు. నువ్వు ఆమె గురించి ఏదైనా రాస్తావేమోనని. నువ్వు నియమం రాశావు.

కానీ నాకు తెలియనిదీ ఉంది. చివర్లో కాల్చమన్నది నీ పేరు దాని మీద పడకూడదనేమో అనుకున్నాను. నువ్వు బెర్ముదెస్ అనుకున్నావు. ఇద్దరం తెలివైనవాళ్లమే. చివరి వారం ఆమెను అడిగాను, మొగుణ్ణి రమ్మని రాయనా అని. "వస్తే పుస్తకం చూస్తాడు. ఎనిమిదేళ్లు నేను ఊరికే కూర్చున్నానని తెలుస్తుంది" అంది. ఊరికే కాదు, నీ పక్కన ఉండటానికే; ఆ మాట తను అనలేకపోయింది, నాకు ఇప్పుడే అర్థమైంది.

మా లాటరీలో 31 వెలుగు. ఈ వారం 31 మీద కాశాను. రాలేదు.

పట్టిక పంపుతున్నాను. కళ్లజోడు కూడా, ఈసారి నువ్వే ఉంచుకో. పుస్తకం మొత్తం కాలిపోయింది, ఒక్క కాగితం తప్ప. చివరి కాగితాన్ని చింపి పట్టికలో గుర్తుగా పెట్టుకుంది, ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి. మంటలో వేసినప్పుడు అది నాకు గుర్తులేదు. గుర్తుండి ఉంటే అదీ వేసేదాన్ని.

సుల్మా

*

మోంతెవిదేయో
1972 జనవరి 30

సుల్మా వదినకి,

ఏడాది అయింది. ఈ ఉత్తరం ఈరోజు రాయాలని ఆగాను.

జూలై పదికి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. చివరి సంఖ్య ఒక్కటీ ఉంది, అక్కడికి వచ్చిన దారి లేదు. దారి లేకుండా అచ్చు వెయ్యరు. సెప్టెంబరు సంచికలో మా చోటులో జ్యామితి పెట్టెల ప్రకటన వచ్చింది. దాని కింద రెండు వరుసలు: "మన సభ్యులు ప్రొఫెసర్ ఎచెవెర్రీ గారి భార్య జనవరిలో మరణించారని తెలియజేయడానికి విచారిస్తున్నాం." పేరు లేదు. సంపాదకుడికి రాశాను. జాగా చాలలేదన్నాడు.

ఎర్ర గుర్తుల పుస్తకాన్ని కాల్చలేదు. మీకున్నంత ధైర్యం నాకు లేదు. తర్వాత తెరవలేదు.

344131 నుంచి మళ్లీ మొదలుపెట్టాను, ఒక్కణ్ణే, యంత్రం లేకుండా. నల్లబల్ల మీద చేసి కాగితం మీదికి ఎక్కించాను. 1731653. 71143523. 11115771019. 31135742029. ఒక్కో ముక్క ఇక విరగదని చూడటానికే వారాలు పట్టింది. డిసెంబరు పంతొమ్మిదిన పన్నెండో వరుస వచ్చింది: 717261644891. అప్పుడు ఆమె కాగితం పక్కన పెట్టి చూశాను. అదే సంఖ్య. మీ గుర్తులన్నీ సరైనవే వదినా. ఒక్కటీ తప్పు లేదు. ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ సంఖ్యను ఆమె 11తో, తర్వాత 19తో విడగొట్టింది. 3431873899 మిగిలింది. అది ఇంకా విరుగుతుందో లేదో తెలియాలంటే 58 వేల చిల్లర వరకు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. కాగితం నిండా ఆమె చేసినవే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, శేషాలతో. చివరి పది వరుసల్లో అంకెలు వాలిపోయాయి. ఆఖరిది 31607, శేషం 17446. తేదీ జనవరి 26. ఆ రోజు నేను ఇక్కడ చెత్తను గుణిస్తున్నాను.

మీరు రాసిన మాట గురించి. నా పక్కన కూర్చోవడానికి ఆయనకు వేరే కారణం లేదు అన్నది. ఆరు నెలలుగా దానికి జవాబు వెతుకుతున్నాను. ఉందని రాయాలని ఉంది. ఆ గంటలో మేం మాట్లాడుకున్నవి గుర్తు చేసుకున్నాను. "ఇదిగో." "చూశాను." "సరిపోయిందా?" "సరిపోయింది." పన్నెండేళ్లలో ఇంతే గుర్తొస్తోంది. ఆమె తప్పు చెప్పలేదు.

నిన్న కూర్చుని ఆమె ఆగిన చోటు నుంచి ఒక వరుస చేశాను. ఇంకా రెండున్నర వేల దాకా ఉన్నాయి. చివరికి ముక్క విరిగినా, విరగకపోయినా పదమూడో వరుస రాయాలి. అది ఇంకా పెద్దది. ముగుస్తుందని ఎవరూ చెప్పలేరు. నేను చూడను, అది మాత్రం తెలుసు.

నేను చేసిన ఆ వరుస ఇది:

3431873899 ÷ 31627. భాగఫలం 108510. శేషం 28129.

యంత్రం మీ దగ్గరే ఉంది కదా. ఒకసారి తిప్పి చూడండి. ఈ కాగితం మీదే నీలి పెన్సిల్‌తో గుర్తు పెట్టి తిరిగి పంపండి. అది వచ్చేదాకా తర్వాతి సంఖ్యకు వెళ్లను.

తప్పు ఉంటే తప్పని రాయండి. నా మీద జాలితో దాచొద్దు.

ఫెర్మీన్